ప్రాజెక్టు డైరీ: ఏడడుగుల గది, 520 చక్కెర బిళ్ళలు

చేస్తున్నది ఇది. ఫిజీ చెరకు తోటలకు గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు ఉన్న వరస గదుల్ని లైన్లు అనేవాళ్ళు. అలాంటి గది ఒకటి ప్రదర్శన కోసం అసలు కొలతతో కట్టాలి. లోపల 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఆ 7 అడుగుల వెనక గోడ మీద ఐదేళ్ళ కూలి లెక్క పాకం పోసిన చక్కెర బిళ్ళలుగా ఉంటుంది, వారానికొకటి చొప్పున. మగమనిషి లెక్క 260 బిళ్ళలు, ఆడమనిషి లెక్క 260. గదిలో మనిషి బొమ్మ ఒక్కటీ ఉండదు. ఈ విషయం మీద వచ్చే చాలా పనుల్లో వంగిన వీపులు, సంకెళ్ళు, చెమట ముఖాలు కనిపిస్తాయి; చూసినవాళ్ళు అయ్యో అనుకుని పక్కకి వెళ్ళిపోతారు. ఇక్కడ కొలతనీ తూకాన్నీ మాత్రమే పెడుతున్నాం.

ప్రదర్శన విశాఖపట్నంలో. ఫిజీకి మొదటి ఓడ 1879లో కలకత్తా నుంచి వెళ్ళినా, 1903 నుంచి మద్రాసు రేవులోనూ మనుషుల్ని ఎక్కించారు. అలా వెళ్ళిన దక్షిణాది కూలీల్లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. చక్కెర పోత పని మాత్రం అనకాపల్లి దగ్గర, పాకం చేతి అలవాటుగా తెలిసిన మనుషులు ఉన్నచోట పెట్టుకున్నాం.

డిసెంబరు: ముందు లెక్క

మూలం కూలీలకు చూపించిన ఒప్పంద పత్రమే. అందులో ఉన్నది: సోమవారం నుంచి వరసగా ఐదు రోజులు రోజుకు 9 గంటలు, శనివారం 5 గంటలు. పదిహేనేళ్ళు దాటిన మగవాడికి పని దినానికి 1 షిల్లింగుకు, అంటే 12 పెన్నీలకు తగ్గకుండా, ఆడమనిషికి 9 పెన్నీలకు తగ్గకుండా. పనిని టాస్కుగా, అంటే రోజుకింత అని కొలిచి ఇస్తే మగవాడి టాస్కు 6 గంటల నిలకడ పని, ఆడమనిషిది నాలుగున్నర గంటలది. వచ్చిన మొదటి ఆరు నెలలు రేషన్ యజమాని ఇస్తాడు, దానికి రోజుకు 4 పెన్నీలు కోత. ఐదేళ్ళయ్యాక సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు. పదేళ్ళు ఉంటేనే ఓడ చార్జీ ఉచితం.

శనివారాన్ని అరరోజుగా పట్టుకుంటే వారానికి ఐదున్నర రోజులు. మగవాడికి 66 పెన్నీలు, ఆడమనిషికి 49½. కోత మాత్రం వారానికి ఏడు రోజులకీ పడుతుంది, తిండి ఆదివారమూ తింటారు గనక. 28 పెన్నీలు పోతే మగవాడికి మిగిలేది 38, ఆడమనిషికి 21½.

ఈ నాలుగు అంకెల కోసమే ఇంత పని. కాగితం మీద ఆడమనిషి కూలి మగవాడి కూలిలో ముప్పాతిక. రేషన్ కోత ఇద్దరికీ ఒక్కటే కావడంతో మొదటి ఆరు నెలల్లో ఆ నిష్పత్తి 57 శాతానికి పడిపోతుంది. పత్రం చదివితే ఇది కనపడదు, తూకం వేస్తే కనపడుతుంది.

పెన్నీకి 2 గ్రాముల చక్కెర అని ఖాయం చేశాం. నాలుగు రకాల బిళ్ళలు: 132, 99, 76, 43 గ్రాములు. మొదటి 26 వారాలు చిన్నవి, తర్వాతి 234 పెద్దవి. మగ లెక్క మొత్తం 32.864 కిలోలు, ఆడ లెక్క 24.284 కిలోలు. రెండూ కలిపి 57 కిలోల పైచిలుకు.

ఒక్క జాగ్రత్త. ఇది ఒక్క రోజూ నాగా లేకుండా, ఒక్క టాస్కూ తగ్గకుండా చేసిన మనిషి లెక్క. నిజంలో టాస్కు పూర్తికాని రోజు కూలి రాలేదు, జబ్బుపడితే అసలే లేదు. గోడ మీద కనిపించేది ఒప్పందం మాటిచ్చిన గరిష్ఠం. ఈ వాక్యం గోడ చీటీలో ఉండి తీరాలి, లేకపోతే చూసేవాళ్ళు ఇదే చేతికొచ్చిందనుకుంటారు.

డిసెంబరు చివర: బెల్లమా, చక్కెరా

అనకాపల్లిలో కూర్చుని బెల్లం వద్దనడం కొంచెం కష్టమే. రంగు బాగుంటుంది, వాసన ఇంకా బాగుంటుంది. పోత బిళ్ళకు మాత్రం పనికిరాదు. బెల్లంలో విలోమ చక్కెరలు (చక్కెర విరిగితే వచ్చే గ్లూకోజ్, ఫ్రక్టోజ్), లవణాలు ఎక్కువ. రెండూ గాలిలోని తడిని లాగేస్తాయి. సముద్రపు గాలి తగిలే గదిలో బిళ్ళ అంచులు ముందు మెరుస్తాయి, తర్వాత జిగురవుతాయి, ఆపైన కింద కారతాయి. పైగా బెల్లం గింజకట్టి గడ్డకడుతుంది కాబట్టి అంకె అంచులు పదునుగా రావు.

చక్కెరకు బదులు వాడే ఐసోమాల్ట్ అయితే తేమ తక్కువ పీలుస్తుంది, పోత సులువు. కేకు బొమ్మలవాళ్ళు వాడేది అదే. కానీ అది మామూలుగా దుంప చక్కెర నుంచి చేస్తారు. చెరకు కూలి లెక్కకు బీట్‌రూట్ దుంప తెచ్చి పెట్టడం మాకు ఒప్పలేదు. కాబట్టి మామూలు చెరకు చక్కెరే: 60 కిలోలు, దానికి 12 కిలోల లిక్విడ్ గ్లూకోజ్.

చక్కెరతో పెద్ద పని అనగానే అమెరికా కళాకారిణి కారా వాకర్ 2014లో బ్రూక్లిన్‌లోని పాత డోమినో చక్కెర కర్మాగారంలో నిలబెట్టిన స్ఫింక్స్ (సింహం ఒళ్ళు, ఆడమనిషి తల ఉన్న బొమ్మ) గుర్తొస్తుంది. అంత పెద్ద బొమ్మ లోపల ఉన్నది ధర్మోకోల్ లాంటి పాలీస్టైరీన్ దిమ్మలు, చక్కెర పైపూత మాత్రమే. చుట్టూ పెట్టిన పిల్లల విగ్రహాల్లో చక్కెరతోనే పోసినవి ఆ వేసవిలో కరిగి కూలాయి, ఆ ముక్కల్ని మిగతా విగ్రహాల బుట్టల్లో వేశారు. అక్కడ ఆ కూలడం పనిలో కలిసిపోయింది. ఇక్కడ కలవదు. చక్కెర కరుగుతుంటే దాన్ని కష్టానికి గుర్తుగా చూపించడం మరీ తేలిక దారి. ఈ గోడ ఖాతా పుస్తకం. చివరి రోజు వరకూ అంకె చదవగలగాలి.

జనవరి: అచ్చులు

బిళ్ళ ముఖం అన్నిటికీ ఒకటే, 6 × 6.5 సెంటీమీటర్లు. తూకం తేడా మందంలోనే ఉంటుంది. గట్టిపడిన పాకం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. ఆ లెక్కన 132 గ్రాముల బిళ్ళ 2.26 సెంటీమీటర్లు, 99ది 1.7, 76ది 1.3, 43ది 0.74. ఎదురుగా నిలబడితే 520 బిళ్ళలూ ఒకేలా కనిపిస్తాయి. పక్కకు జరిగి గోడ వెంబడి చూస్తేనే ఏది ఎంత పలచనో తెలుస్తుంది.

మూల నమూనా 6 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీట్ లేజర్‌తో కోసి అతికించినది. పక్కలకు 3 డిగ్రీల వాలు ఇవ్వాలి, లేకపోతే బిళ్ళ ఊడేటప్పుడు అంచు చిట్లుతుంది. ముఖం మీద పెన్నీల అంకె 1 మిల్లీమీటరు లోతు. అచ్చుకు తిండి వస్తువులకు వాడదగ్గ (ఫుడ్ గ్రేడ్) ప్లాటినం సిలికాన్, రెండు భాగాలు సమపాళ్ళలో. ఒక్కో అచ్చులో నాలుగు గుంటలు, అచ్చుకు సుమారు 800 గ్రాములు. 66, 49½ అంకెలకు మూడేసి అచ్చులు, 38, 21½ అంకెలకు ఒక్కొక్కటి. మొత్తం ఎనిమిది అచ్చులు, 6.4 కిలోల సిలికాన్.

ప్లాటినం సిలికాన్‌కు గంధకం పడదు. గంధకం కలిసిన మోడలింగ్ మైనం మీద పోసినా, రబ్బరు పాల గ్లౌజులతో ముట్టుకున్న నమూనా మీద పోసినా ఆ తగిలిన చోట గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. నైట్రైల్ గ్లౌజులు వాడితే గొడవ లేదు.

గుంటలు నాలుగే ఎందుకంటే, ప్రతి గుంటనీ తూకం చూసుకుంటూ నింపాలి. అచ్చును ఒక గ్రాము వరకూ చూపే కాటా మీద పెట్టి, ఒక గుంట నిండగానే సున్నా కొట్టి రెండోది పోయాలి. పన్నెండు గుంటల అచ్చయితే సగంలోనే పాకం తీగ సాగడం మొదలై ఆఖరి బిళ్ళల్లో మడతలు పడతాయి.

జనవరి, ఫిబ్రవరి: పాకం

ఒక విడతకు చక్కెర 500 గ్రాములు, నీళ్ళు 175 మిల్లీలీటర్లు, లిక్విడ్ గ్లూకోజ్ 100 గ్రాములు. అడుగు మందం ఉన్న స్టీలు గిన్నె. చక్కెర పూర్తిగా కరిగేదాకా సన్నటి మంట మీద కలుపుతూ ఉండాలి, మరగడం మొదలయ్యాక గరిటె ముట్టకూడదు. గిన్నె పక్కలకు ఎగిరిన చుక్కలు ఎండి పలుకులవుతాయి. ఆ పలుకు ఒక్కటి లోపల పడ్డా పాకం మొత్తం తెల్లగా గింజకడుతుంది. తడి కుంచెతో పక్కలు కడుగుతూ ఉండటమే దీనికి మందు. గ్లూకోజ్ కలిపేదీ ఇందుకే, అది చక్కెర అణువుల్ని వరస కట్టనివ్వదు. అలాగని మరీ ఎక్కువ వేయకూడదు, బిళ్ళ మెత్తబడుతుంది.

ఇళ్ళలో పాకం గింజకట్టకుండా నిమ్మరసం పిండే అలవాటు ఉంది. మిఠాయికి బాగుంటుంది, ఇక్కడ వద్దు. పులుపు తగిలితే చక్కెర విరిగి విలోమ చక్కెర అవుతుంది, బెల్లం తెచ్చిన తేమ తంటానే మళ్ళీ వస్తుంది.

మంట మీద 155 డిగ్రీల సెల్సియస్‌కు రాగానే దించాలి. గిన్నెలో దాగిన వేడికి ఇంకో ఐదారు డిగ్రీలు పైకి పోతుంది, రంగు లేత తేనె నుంచి ముదురుకు మారుతుంది. అందుకే గిన్నె అడుగును చన్నీళ్ళ పళ్ళెంలో ఒక్క క్షణం ముంచి తీయాలి. 175 దాటితే చేదు, నలుపు, పైగా పెళుసు. రంగు విడత విడతకూ కొద్దిగా మారుతూనే ఉంది. దాన్ని సరిచేసే ప్రయత్నం ఆపేశాం, ఏ తోటలోనూ చక్కెర ఒకే రంగులో దిగలేదు.

బుడగలు ఇంకో తలనొప్పి. దించాక బుడగలు అణిగేదాకా ఆగి, 140 డిగ్రీల దగ్గర సన్నటి ధారగా ఒక మూల నుంచే పోయాలి. అంకె గీతల్లో ఇరుక్కున్న గాలిని సూదితో తీయాలి. పైన తేలినవి టార్చి మంట ఒక్కసారి ఊపితే పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం 132 గ్రాముల బిళ్ళల్లో. రెండు సెంటీమీటర్లు దాటిన మందం కాబట్టి పైపొర ముందు గట్టిపడి, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. లోపలిది చల్లారి కుంచించుకునేటప్పుడు పైపొరను లాగుతుంది. బల్ల మీద వదిలేస్తే రాత్రికి టప్పున చప్పుడు, పొద్దున చూస్తే మూలకు మూల చీలిక. ఫ్యాను గాలి తగిలితే మరీ త్వరగా. గోరు దిగనంత గట్టిపడగానే, ఇంకా గోరువెచ్చగా ఉండగానే అచ్చు నుంచి తీసి, ధర్మోకోల్ పెట్టెలో బటర్ పేపరు మీద పరిచి మూత పెడితే నెమ్మదిగా చల్లారతాయి. దీంతో పగుళ్ళు దాదాపు ఆగాయి. 43 గ్రాముల పలచటి వాటికి ఈ బాధే లేదు. చల్లారినవాటిని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాల్లోకి మార్చాలి. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, నారింజ రంగుది కొనండి.

పాకంతో చెయ్యి కాలితే నూనె కంటే ప్రమాదం, అతుక్కుని ఊడదు. మణికట్ల దాకా నూలు చొక్కా, పక్కనే బకెట్ చన్నీళ్ళు, పోసేటప్పుడు ఇద్దరికి మించి మనుషులు ఉండకూడదు.

ఫిబ్రవరి: గది

నేల మీద ముందు సున్నంతో గీత. మూలమట్టం సరిచూడటానికి ఎదురు మూలల మధ్య టేపు పట్టాలి: 12 అడుగుల రెండున్నర అంగుళాలు రావాలి, రెండు వైపులా. ఈ కొలత లోపలిది. చెక్క మందం బయటికి పోవాలి తప్ప గదిని తినకూడదు.

నిలువు గుంజలు 3 అంగుళాల సరుగుడు బాదులు. పచ్చివి కొంటే ఏసీ గదిలో మెలితిరుగుతాయి, ఎండినవి ఏరుకోవాలి. పక్క గోడలు, ముందు గోడ 4 అంగుళాల ప్యాకింగ్ చెక్క పలకలు, 7 అడుగుల ఎత్తు. తరుగుతో కలిపి 555 రన్నింగ్ అడుగులు. వెనక గోడ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 57 కిలోల చక్కెరా దాన్ని మోసే అల్యూమినియం ఎల్-యాంగిళ్ళూ దాని మీదే నిలవాలి. గోడలపైన అడుగున్నర కోళ్ళ జాలి. ఫిజీ లైన్లలో గదికీ గదికీ మధ్య గోడ కప్పుదాకా ఉండేది కాదు, పైన గాలి కోసం జాలి. పక్క గదిలో దగ్గితే ఇక్కడ వినపడేది. కప్పుకు రేకులు రెండే, మిగతా తెరిచే ఉంటుంది.

ఇలాంటి ఒక గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్ళు, లేదా మొగుడూ పెళ్ళాం పిల్లలు. మనిషికి 23 చదరపు అడుగుల పైచిల్లర. పొయ్యి, కట్టెలు, పార, వాన కాలపు తడి బట్టలు అన్నీ అందులోనే. 1908 తర్వాతి నిబంధనల్లో కొత్త గదులు 10 × 12కు పెరిగాయి. మేం పాత కొలతే తీసుకున్నాం. పడుకునే బల్ల ఒక్కటే కడుతున్నాం, మిగతా రెండూ నేల మీద సున్నం గీతలు. మూడూ కట్టేస్తే లోపల చక్రాల కుర్చీ తిరగదు. గుమ్మం 3 అడుగులు పెట్టిందీ అందుకే, ఇది మాత్రం చరిత్ర కొలత కాదు. లోపలికి ఒకసారికి ముగ్గురే.

గోడ అమరిక: అడ్డంగా 13 బిళ్ళలు, నిలువునా 20 వరసలు. వరసకు మూడు నెలలు, 20 వరసలకు ఐదేళ్ళు. పలచటివి పై రెండు వరసల్లో వస్తాయి. ఒక్కో పట్టిక 91 సెంటీమీటర్ల వెడల్పు. 213 సెంటీమీటర్ల గోడలో అటూ ఇటూ పదేసి, మధ్యలో 11 వదిలితే రెండూ సరిగ్గా పడతాయి. మొదట అనుకున్న స్టీలు మేకులు పనికిరాలేదు: చక్కెర గాజు లాంటిదే గానీ రాయి కాదు, బరువంతా రెండు బిందువుల మీద పడితే కొద్దికొద్దిగా జారి మేకు చుట్టూ సాగుతుంది. యాంగిల్ మీద అడుగంతా ఆనిస్తే జారడం లేదు.

సంఖ్యను వస్తువుగా పేర్చే ధైర్యం మాకు వచ్చింది బెనిన్ కళాకారుడు రోమువాల్డ్ హజూమె పనిని చూసి. బ్రూక్స్ అనే బానిస ఓడ నక్షా ఆకారంలో పెట్రోలు డబ్బాల ముఖాలు 304 పేర్చాడాయన. దూరం నుంచి నక్షా, దగ్గరికొస్తే ఒక్కో డబ్బాకు ఒక్కో ముఖం.

మార్చి: తేమ, చీమలు

ఏసీ ఒక్కటే చాలదు. గది చల్లబడగానే కంప్రెసర్ ఆగుతుంది, తేమ మళ్ళీ ఎక్కుతుంది. విశాఖ గాలిలో బయట 70 శాతం మామూలు. పాకం బిళ్ళ 45 దాటితే జిగురెక్కుతుంది. హాలుకు తేమ లాగే యంత్రం (డీహ్యూమిడిఫయర్) పెట్టాం, తలుపు తెరిచిన ప్రతిసారీ కాటా ఎక్కినట్టే అంకె ఎక్కుతోంది. కాబట్టి బిళ్ళల గోడకు విడిగా 4 మిల్లీమీటర్ల అక్రిలిక్ ముఖం, పక్కలూ అక్రిలిక్కే, లోతు 6 సెంటీమీటర్లు. ఈ పెట్టె గది లోపలికి రాకుండా వెనక్కి నెట్టాం, అక్రిలిక్ ముఖం సరిగ్గా 10 అడుగుల గీత మీద ఉంటుంది. లోపలి గాలి పావు ఘనమీటరు. మ్యూజియంలవాళ్ళ వాడుక ప్రకారం ఘనమీటరుకు 20 కిలోల సిలికా జెల్, అంటే 5 కిలోలు, అడుగున ట్రేలో.

లక్క పూత కూడా వేసి చూశాం. స్పిరిట్‌లో కరిగించిన లక్క చక్కెరను కరిగించదు, తేమను కొంత ఆపుతుంది. కానీ పూతకు ముందే ఉపరితలం తడి పీల్చి ఉంటే ఆ తడి లోపల ఇరుక్కుని తెల్లటి పొర కడుతుంది, అంకె కనపడదు. పూత వద్దనుకున్నాం.

బోరిక్ పౌడరును చక్కెరతో కలిపి చీమలకు ఎరగా పెడతారు, ఇక్కడ పెడితే ఇంకా పిలిచినట్టవుతుంది. చాక్‌పీసు మందు పిల్లలు తాకే చోట గీయలేం. గుంజల కింద స్టీలు పళ్ళాలు పెట్టి సబ్బునీళ్ళు పోశాం, ఇంట్లో నెయ్యి గిన్నెకు చేసినట్టే. ఉత్త నీళ్ళయితే దుమ్ము పట్టి తెట్టు కడుతుంది, చీమలు దాని మీద నడిచిపోతాయి. సబ్బు కలిపితే మునుగుతాయి.

జాలి అవతల నుంచి ఒప్పంద నిబంధనలు తెలుగులో చదివే గొంతు వస్తుంది. కూలి నిబంధన ఆడగొంతు, మిగతావి మగగొంతు. పక్కగదిలో మాట్లాడుకున్నంత చప్పుడు చాలు. స్పీకరు రేకుకు తగలకూడదు, గిలగిల మోగుతుంది.

గోడ చీటీ

దీన్ని నాలుగు వాక్యాల్లో తేల్చాలి, ఇంకా తెమల్లేదు. గిర్మిట్‌ను బానిసత్వం అని రాయడం లేదు: గడువు ఉంది, కూలి ఉంది, పుట్టిన పిల్లలు యజమాని ఆస్తి కాదు. కానీ టాస్కు పూర్తి చేయకపోవడం, పనికి రాకపోవడం నేరాలు. జరిమానా, జైలు ఉండేవి. రెండింటికీ లంకె ఎక్కడో చెప్పాలి. 1833 చట్టంతో బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌన్ల పరిహారం యజమానులకు పోయింది, బానిసలకు కాదు. ఆ ఖాళీలోకి మారిషస్, ట్రినిడాడ్ తోటలు భారత కూలీలను రప్పించాయి. ఆ రెండు చోట్లా గవర్నరుగా చేసిన ఆర్థర్ గోర్డన్ ఫిజీకి వచ్చి అదే ఏర్పాటును అక్కడ మొదలుపెట్టాడు. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు రద్దయింది 1920 జనవరి 1న.

ఎమిగ్రేషన్ పాసులోని, అంటే ఓడెక్కే ఒక్కో కూలీకి రాసిన కాగితంలోని పేర్లు వాడటం లేదు. ఆ గడుల తలకట్లు మాత్రం ముందు గోడ పలకల మీద స్టెన్సిల్‌తో సున్నపు రాతలో వేస్తున్నాం: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, ఊరు. కింద ఖాళీ. ఫిజీ నుంచి తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ ఇంటి కాగితం మనం గోడకెక్కించే హక్కు లేదు.

ఇప్పటి స్థితి

మగ పట్టిక పూర్తి. ఆడ పట్టికలో 49½ అంకె బిళ్ళలు ఇంకా 70 దాకా పోయాల్సి ఉంది. చీలికలకు బదులుగా రకానికి 5 శాతం అదనంగా పోసి డబ్బాల్లో ఉంచుతున్నాం. అక్రిలిక్ పెట్టె పై అంచులో సీలు ఒకచోట గాలి వదులుతోంది, లోపలి తేమ కొలిచే మీటరు (హైగ్రోమీటరు) 52 శాతం చూపిస్తోంది. ఫోమ్ టేపు తీసి సిలికాన్ గాస్కెట్ వేశాక మళ్ళీ రెండు రాత్రులు చూడాలి. 45 కిందకు దిగితేనే బిళ్ళలు అనకాపల్లి నుంచి బయల్దేరతాయి, అదీ తెల్లవారుజామున, ఏసీ బండిలో.